ముగింపు పడని డిస్కు

మా అబ్బా హజ్ యాత్రకు బయలుదేరింది 2007 డిసెంబరు మొదటి వారంలో. అప్పటికి శంషాబాద్ విమానాశ్రయం ఇంకా తెరవలేదు; హాజీలందరూ నాంపల్లిలోని హజ్ హౌస్‌లో చేరి, అక్కడి నుండి బస్సులలో బేగంపేటకు వెళ్ళేవారు. ఖమ్మం నుండి మేము ఇంటిల్లిపాదీ ఆయనను సాగనంపడానికి వచ్చాము. అబ్బా తిరిగి రాలేదు. హజ్ విధులన్నీ పూర్తి చేసుకున్న తరువాత మక్కాలోనే ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. హరమ్‌లో జనాజా నమాజు జరిగింది, అక్కడే ఖననం జరిగింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అంతటి భాగ్యం అందరికీ దక్కదని వచ్చినవారందరూ మమ్మల్ని ఓదార్చారు. అది నిజమే. అయినా, వెళ్ళి నిలబడి సలాం చెప్పడానికి ఒక సమాధి కూడా దగ్గరలో లేని పిల్లలం మేము.

మాకు మిగిలిన వస్తువు ఒక్కటే. అరచేతిలో ఇమిడే చిన్న డీవీడీ, దాని డబ్బా మీద మామూ చేతివ్రాతతో 'అబ్బా హజ్' అన్న రెండు మాటలు.

జిద్దాలో ఉద్యోగం చేసే మా మామూ ఆ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు కొత్త హ్యాండీక్యామ్ తెచ్చారు. టేపు స్థానంలో ఎనిమిది సెంటీమీటర్ల డీవీడీ మీద నేరుగా రికార్డు చేసే రకం అది. ఆ రోజులలో గల్ఫ్ నుండి వచ్చిన ప్రతి సూట్‌కేసులోనూ అలాంటిదొకటి ఉండేది. ప్రయాణానికి ముందు రాత్రి ఇంట్లో జరిగిన కూటమిని కొంతసేపు, మరునాడు హజ్ హౌస్‌లో మరికొంతసేపు మామూ చిత్రీకరించారు. డిస్కును డబ్బాలో పెట్టి అమ్మీ చేతికి ఇచ్చి, కెమెరాతో సహా జిద్దాకు వెళ్ళిపోయారు. అబ్బా మరణవార్త వచ్చిన కొన్నాళ్ళకు ఆ డిస్కును ఇంట్లోని ప్లేయరులో పెట్టాము. డిస్కు లేదని తెర మీద అక్షరాలు వచ్చాయి. పక్కింటివారి ప్లేయరులోనూ అదే జవాబు. ఫోనులో మామూను అడిగితే, తాను రికార్డు చేసిన మాట వాస్తవమేనని ప్రమాణం చేశారు. ఖాళీ డిస్కు పొరపాటున మాకిచ్చి, అసలు డిస్కు ఎక్కడో పారేసుకున్నారని మేమంతా లోలోపల ఆయనను తప్పు పట్టాము. ఈ అన్యాయం మేము ఆయనకు చేసినదేనని ఇక్కడ ఒప్పుకోవడం మంచిది. కొన్నేళ్ళకు ఆ కెమెరా జిద్దాలోనే చెడిపోయింది. డిస్కు మాత్రం అమ్మీ బీరువాలో, అబ్బా జానిమాజు మడతలో ఉండిపోయింది.

ఆ రాత్రి కూటమి గురించి కొంత చెప్పాలి. హజ్‌కు వెళ్ళేవారు బంధుమిత్రుల వద్ద క్షమాపణ కోరి, ఎవరికేమి బాకీ ఉన్నారో తేల్చుకుని బయలుదేరడం మన ఇళ్ళలో ఆచారం. అబ్బా కూడా అందరినీ కూర్చోబెట్టి తాను ఎవరెవరికి ఎంత ఇవ్వాలో చెప్పారు. అమ్మీకి మూడు పేర్లు గుర్తున్నాయి. ఆ ముగ్గురికీ మేము చెల్లించాము. మృతుని అప్పులు తీర్చిన తరువాతనే ఆస్తి పంపకమని అన్నిసా సూరాలో స్పష్టంగా ఉంది కదా. అయితే మా భాయీజాన్ నాలుగో పేరొకటి విన్నానని, అది కమాన్ బజార్‌లోని ఒక వ్యాపారి పేరేనని అనేవారు. ఆపా అలాంటిదేమీ లేదనేది. ఆ వ్యాపారి తనంతట తాను వచ్చి అడగలేదు. అతనిని అడిగితే లేని అప్పును కల్పించినట్లవుతుందేమోనని ఒక సంకోచం, అడగకపోతే అబ్బా మెడ మీద భారం మిగిలిపోతుందేమోనని ఒక భయం. బఖరా సూరాలోని 282వ ఆయతు, ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయతు, అప్పును వ్రాసిపెట్టుకొమ్మని ఆదేశిస్తుంది. అబ్బా నోటితో చెప్పారు, మామూ యంత్రం వ్రాసుకుంది, మేము చదవలేకపోయాము.

గత ఏడాది షవ్వాల్ నెలలో మా చిన్న మేనల్లుడు ఆ డిస్కును చూసి ఒక ప్రశ్న వేశాడు: "దీనిని ఫైనలైజ్ చేశారా?" ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడు. ఆ మాటకు అర్థం మాలో ఎవరికీ తెలియదు. మామూకు ఫోను చేశాము. అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. తరువాత, "అలాంటి మీట ఒకటి ఉండేది బేటా, నేను నొక్కలేదు" అన్నారు.

అదేమిటో వివరించడానికి మన బజార్లలోని పాత లెక్కల పద్ధతే సరిపోతుంది. వ్యాపారి రోజంతా చిట్టాలో పద్దులు వ్రాసుకుంటూ పోతాడు. సాయంత్రం వాటిని ఆవర్జాలోకి ఎక్కించి, ఎవరి ఖాతా ఏ పుటలో ఉందో తేలేటట్లు చేస్తాడు. ఇంటి కెమెరాలోని డీవీడీ కూడా అంతే. లేజరు కిరణం డిస్కు లోపలి అంచు నుండి బయటి అంచు వైపు చుట్లు చుట్లుగా దృశ్యాన్ని వ్రాసుకుంటూ పోతుంది. ఇక ఆ డిస్కు మీద ఏమీ వ్రాయబోమని మనం చెప్పినప్పుడు, కెమెరా మొదట ఒక ఆరంభ పట్టీని, చివర ఒక ముగింపు పట్టీని వ్రాసి, ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే పట్టికను నింపుతుంది. ఈ పనినే ఫైనలైజ్ చేయడం అంటారు. ఇది జరగని డిస్కులో చిట్టా అంతా భద్రంగా ఉంటుంది, ఆవర్జా మాత్రం ఉండదు. టీవీకి తగిలించే ప్లేయరు ఆవర్జాను మాత్రమే చూసే గుమాస్తా వంటిది. అది కనబడకపోతే పుస్తకమే లేదంటుంది.

అన్ని డిస్కులకూ ఈ చిక్కు లేదు. పేరులో కూడిక గుర్తుతో పాటు ఆర్‌డబ్ల్యూ అని ఉండే రకానికి సాధారణంగా ఫైనలైజ్ అవసరం ఉండదు. మామూ వాడినది తీసివేత గుర్తుతో ఉండే డీవీడీ ఆర్. ఒకసారి వ్రాస్తే మరల చెరపలేనిది. చెరపలేకపోవడమే మాకు మేలు చేసింది.

అసలు రికార్డు చేసిన కెమెరా బాగా ఉంటే దారి సులువు. అందులో డిస్కు పెట్టి, ఛార్జరును గోడకు తగిలించి (బ్యాటరీ మధ్యలో ఆరిపోతే ఉన్నది కూడా పాడయ్యే ప్రమాదముంది), ఫైనలైజ్ మీట నొక్కితే కొన్ని నిమిషాలలో పని అయిపోతుంది. అదే కంపెనీ తయారీ అయిన మరొక కెమెరా దొరికినా చాలాసార్లు పని జరుగుతుంది. ముగింపు పట్టీ వ్రాయకపోయినా కెమెరా తన డిస్కును తాను చదవగలదు. వైరుతో టీవీకో కంప్యూటరుకో తగిలించి ఆడుతున్న దృశ్యాన్ని మరల రికార్డు చేసుకోవచ్చు. ఆ ఆశతో మా మేనల్లుడు జుమ్మేరాత్ బజార్‌లో రెండు గురువారాలు తిరిగాడు. పాత కెమెరాలు కనిపించాయి గాని, ఒకదానికి మూత తెరుచుకోదు, మరొకదానికి ఛార్జరు లేదు. ఇక కంప్యూటరే దిక్కని తేలింది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కి తెల్లవారేసరికి నాంపల్లిలో దిగాము. భాయీజాన్, ఆపా, మేనల్లుడు, ఇంకా ఈ వ్యాసం వ్రాస్తున్న మేము. స్టేషను బయట ఇరానీ చాయ్ త్రాగుతూ ఆపా హజ్ హౌస్ ఉన్న దిక్కుకు తిరిగి కొంతసేపు మాట్లాడలేదు. దుకాణాలు తెరిచేదాకా ఆగి ఆబిడ్స్‌కు నడిచాము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా దేశీయుడు పెట్టిన దుకాణం వలన ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఆదివారాలలో పాత పుస్తకాలు పరిచే కాలిబాటలు, తపాలా కార్యాలయం కూడలి, జగదీష్ మార్కెట్‌లోని ఫోన్ల దుకాణాలు, చిరాగ్ అలీ గల్లీ ఇవన్నీ మా పాఠకులలో చాలామందికి తెలిసినవే. పాడైపోయిన వస్తువును బాగుచేయగల మనిషి ఆ గల్లీలలో ఎక్కడో ఒకచోట ఉంటాడన్న నమ్మకం మా జిల్లాల వారికి ఏనాటి నుండో ఉంది.

మొదట వెళ్ళిన దుకాణం పేరు చెప్పము. కుర్రవాడు డిస్కును కంప్యూటరులో పెట్టాడు. "ఖాలీ హై" అన్నాడు. తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఈ డిస్కును ఏ విధంగా ఉపయోగించదలచారని అడిగింది. అది ఖాళీ డిస్కును సిద్ధం చేసే ముందు కంప్యూటరు అడిగే ప్రశ్న. ఆవర్జా కనబడని డిస్కును విండోస్ ఖాళీదేనని భ్రమపడుతుంది. అవునని నొక్కితే దాని మీద కొత్త వ్రాత మొదలయ్యే ప్రమాదముంది. కుర్రవాడి చేయి మౌసు మీదికి పోయింది. "ఆగు బాబూ!" అని ఆపా కేక వేయడంతో అతడు ఉలిక్కిపడి చేయి తీశాడు. మేనల్లుడు ముందుకు వంగి రద్దు మీట నొక్కి, ట్రే బయటకు లాగాడు. ఇలాంటి డిస్కు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. ఆ పెట్టెకు ఏ జవాబూ ఇవ్వవద్దు, మూసివేయండి. చెరిపి వ్రాయగల రకమైతే ఫార్మాట్ అన్న మాట జోలికి అసలే పోవద్దు.

రెండవ చోటు చిరాగ్ అలీ గల్లీలో ఒక పాత భవనం మీది అంతస్తు. ప్రింటర్లు, హార్డ్ డిస్కులు బాగుచేసే నడివయసు మనిషి. అతడు డిస్కును కంప్యూటరులో పెట్టలేదు. అంచులు పట్టుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తిప్పి చూశాడు. మమ్మల్ని కూడా చూడమన్నాడు. వెనుకవైపు ఊదారంగు మెరుపులో రెండు ఛాయలు. మధ్య రంధ్రం నుండి బయటికి చాలా దూరం వరకు ఒక ఛాయ, అక్కడ ఒక సన్నని వలయం గీసినట్లు ఆగి, అంచు దాకా మరొక ఛాయ. "ఇక్కడి దాకా వ్రాశారు" అన్నాడు వేలితో తాకకుండా చూపిస్తూ. లేజరు తగిలిన చోట డిస్కులోని రంగుపూత మారుతుంది, ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. పదిహేడేళ్ళకు పైగా ఆ డిస్కు మా బీరువాలో ఉంది. వెలుతురులో తిప్పి చూడాలని మాకెవరికీ తోచలేదు. భాయీజాన్ అక్కడికక్కడే మామూకు ఫోను చేసి మాఫీ అడిగారు.

పని అంత త్వరగా కాలేదు. ఒక్కొక్క డీవీడీ డ్రైవు ఒక్కొక్క తీరున ప్రవర్తిస్తుంది. ముగింపు పడని డిస్కును కొన్ని డ్రైవులు చదవడానికే నిరాకరిస్తాయి. లాప్‌టాప్‌కు తగిలించిన పలుచని డ్రైవు డిస్కును గుర్తించనే లేదు. రెండవది ఖాళీ అంది. అలమరలోని పాత డెస్క్‌టాప్ డ్రైవును దుమ్ము తుడిచి తగిలిస్తే అది కొంతసేపు గిరగిర తిరిగి, లోపల ఒక ట్రాకు ఉందని తెలిపింది. ఒకటి రెండు డ్రైవులతో నిరాశపడి మానుకోకూడదన్నది మేము డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకున్న పాఠం. ట్రే బయటికి వచ్చే రకమే కావాలి; నోటితో డిస్కును లోపలికి లాక్కునే రకంలో ఈ చిన్న డిస్కులు పెడితే ఇరుక్కుపోతాయి.

అతడు వాడిన సాఫ్ట్‌వేరు పేరు ఐసోబస్టర్. డిస్కు మీది పట్టికను నమ్మకుండా నేరుగా వ్రాతను చదవడం దాని ప్రత్యేకత. కొంతవరకు ఉచితంగా పనిచేస్తుంది, పూర్తిగా వెలికితీయడానికి రుసుము కట్టాలి. అతడు ముందుగా వీడియో కోసం వెదకలేదు. డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్లు ఒక ఫైలుగా కంప్యూటరులోకి దింపుకోవడం మొదలుపెట్టాడు. డీవీడీ మీది వ్రాత 2048 బైట్ల చిన్న చిన్న గదులుగా ఉంటుంది. 1.4 జీబీ పట్టే ఈ చిన్న డిస్కులో అటువంటి గదులు దాదాపు ఏడు లక్షలు. పాత డిస్కు మీద పదే పదే వెదకడం కంటే, ఒక్కసారి ఓపికగా నకలు తీసుకుని, ఆపై ఎన్ని ప్రయోగాలు చేసినా నకలు మీదనే చేయడం క్షేమమని అతని వాదన. మాకు అది ఎంతో సబబుగా తోచింది. లినక్స్ వాడేవారికి ఇదే పనికి డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉందని మేనల్లుడు చెప్పాడు. అయితే డ్రైవు డిస్కును ఖాళీదని చెబితే దానివలన ప్రయోజనం లేదు.

మొదటి గదులలో తప్పులే తప్పులు. మాకు గుండె జారింది. అది పట్టిక కోసం కెమెరా వదిలిపెట్టిన ఖాళీ చోటు అని, అక్కడ ఏమీ ఉండదని అతడు నవ్వాడు. తరువాత అంకెలు చకచక కదిలాయి. జొహర్ వేళ అయింది. అతడు దుకాణం తలుపు దగ్గరగా వేసి మాతోపాటే నమాజుకు వచ్చాడు. తిరిగి వచ్చేసరికి యంత్రం ఒకచోట ఆగి మూలుగుతోంది. డిస్కు తీసి చూస్తే ఆ భాగంలో ఎవరిదో వేలిముద్ర, దాని కింద పూత కొంచెం వెలిసినట్లు మచ్చ. మెత్తని గుడ్డను కొద్దిగా తడిపి, మధ్య నుండి అంచుకు నిలువుగా తుడిచాడు. గుండ్రంగా తుడిస్తే పడే గీత వ్రాత వెంబడే సాగి ఎక్కువ నష్టం చేస్తుంది. టూత్‌పేస్టు రుద్దే చిట్కా చెప్పేవారు చాలామంది ఉన్నారు, వారి డిస్కుల మీద వారే రుద్దుకోవచ్చు. వేగం తగ్గించి మరల నడిపితే చాలా భాగం వచ్చింది. కొన్ని గదులు ఎంతకీ రాలేదు.

నకలులో వీడియో ఆనవాళ్ళు వెదకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఈ కెమెరాలు దృశ్యాన్ని ఎంపెగ్ 2 పద్ధతిలో వ్రాస్తాయి. అందులో ప్రతి చిన్న మూట ముందు ఒకే రకమైన గుర్తు ఉంటుంది, ఆ గుర్తులను పట్టుకుని మూటలను వరుసగా పేర్చవచ్చు. ఫోటోరెక్ అనే ఉచిత సాధనం కూడా నకలు ఫైలు మీద ఈ పని చేయగలదు. పట్టిక లేదు గనుక ఏ దృశ్యం ఎక్కడ మొదలైందో విడదీయకుండా, ఒకే పొడవైన వీడియోగా వచ్చింది. ఇరవై ఆరు నిమిషాలు. వీఎల్‌సీలో తెరిచాడు.

తెర మీద మా పాత ఇంటి వరండా.

అప్పుడు అతడు చేసిన పని ఈ వ్యాసంలో తప్పక వ్రాయాలనుకున్నాము. మొదటి దృశ్యంలో ఇంటి ఆడవారు కనబడగానే అతడు కుర్చీలో నుండి లేచి, కిటికీ వైపు తిరిగి, "శబ్దం వస్తోందో లేదో మీరే చూసుకోండి" అన్నాడు. మేము పది క్షణాలు చూసి ఆపివేశాము. పెన్‌డ్రైవులోకి ఎక్కించిన తరువాత తన కంప్యూటరులోని నకలును, వీడియోను మా కళ్ళ ఎదుటే తొలగించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. మన ఇళ్ళలోని నికాహ్, వలీమా, అఖీఖా వీడియోలలో బయటివారు చూడకూడని దృశ్యాలు ఎన్నో ఉంటాయి. వాటిని దుకాణంలో ఇచ్చి సాయంత్రం వస్తామని వెళ్ళిపోవడం మనకు అలవాటు. ఇచ్చేవారికి అది అమానత్ అన్న స్పృహ లేనప్పుడు పుచ్చుకునేవారికి ఉండాలని ఆశించడం ఏమి న్యాయం? పక్కన కూర్చునే వీలుంటేనే ఇవ్వండి. ఇంట్లో చేతనైన పిల్లలుంటే, బయట తగిలించే డ్రైవు సుమారు రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది, పని ఇంటి గోడల మధ్యే జరుగుతుంది.

ఆ రాత్రే ఖమ్మం చేరాము. అమ్మీ వీడియోను మొదటిసారి చూసినప్పుడు ఏమీ మాట్లాడలేదు. రెండవసారి చూస్తూ, ఆయన చొక్కాకు గుండీ ఊడి ఉందని, అది కుట్టి ఇవ్వడం తాను మరచిపోయానని అన్నది. అబ్బాను ఎన్నడూ చూడని మనవలు టీవీకి మరీ దగ్గరగా కూర్చున్నారు. హజ్ హౌస్ దృశ్యంలో మెడలో గుర్తింపు కార్డుతో, తెల్లని దుస్తులలో, అబ్బా కెమెరా వైపు చూసి "ఇక చాలు, ఆపు" అని మామూను మందలించారు. వెంటనే వీడియో ఆగిపోయింది. పిల్లలు ఆ మాటను నాలుగు రోజులు అనుకరిస్తూ తిరిగారు.

రాత్రి కూటమిలోని మాటలు వేలిముద్ర మచ్చకు దగ్గరలోనే పడ్డాయి. అమ్మీ చెప్పిన మూడు పేర్లూ, మొత్తాలూ స్పష్టంగా వినిపించాయి. తరువాత నాలుగో పేరు. భాయీజాన్ చెప్పిన కమాన్ బజార్ వ్యాపారి పేరే. ఆ వెంటనే దృశ్యం చిన్న చిన్న చదరాలుగా విరిగిపోయి, శబ్దం తెగి, మరల అతుక్కునేసరికి అబ్బా వేరే సంగతికి వెళ్ళిపోయారు. ఎంత ఇవ్వాలన్నది ఆ తెగినచోటులో పోయింది. మేనల్లుడు మరొక డ్రైవుతో మరల ప్రయత్నించాడు గాని ఆ నాలుగు క్షణాలు రాలేదు.

ఆ వ్యాపారి కాలం చేసి చాలా ఏళ్ళయింది. దుకాణం కొడుకు చూస్తున్నాడు. భాయీజాన్ వెళ్ళి సంగతి చెబితే, "మా నాన్నగారు ఎప్పుడూ అనలేదండీ" అన్నాడు. పాత లెక్కల పుస్తకాలు అటక మీద ఉన్నాయని, తీయించి చూస్తానని మాట ఇచ్చాడు. పదవ రోజున ఫోను వచ్చింది. 2007 ఆవర్జాలో అబ్బా పేరున ఒక పుట ఉంది, ఇంటి పైకప్పుకు తీసుకున్న ఇనుప సామానుకు 3,450 రూపాయలు బాకీ. భాయీజాన్ సొమ్ము తీసుకెళ్ళారు. అతడు ఆ పుటలో అబ్బా ఖాతాకు అడ్డంగా గీత గీసి, చెల్లు అని వ్రాసి, రశీదు అబ్బా పేరునే ఇచ్చాడు. దానిని అమ్మీ డిస్కు డబ్బాలో పెట్టింది.